పసుపు తోక తీగ

ఆర్లిస్ వస్తోందంటే క్యాంపంతటికీ ముందే తెలిసిపోతుంది. ఆమె పికప్ బండికి సైలెన్సర్ ఊడి రెండేళ్లయింది. కట్టుతీగతో బిగించి నడిపేస్తోంది. "అందరి ఫ్రిజ్‌లూ బాగుచేస్తావు గానీ నీ బండి నోరు మూయించలేవా?" అని ఎవరన్నా ఎకసెక్కమాడితే, "అది అరవకపోతే నేనొచ్చేసరికి మీలో కాఫీ పెట్టేదెవరు?" అనేస్తుంది. నిజమే మరి. ఆ చప్పుడు చెవిన పడగానే ఎవరో ఒకరు గిన్నె పొయ్యి మీద పెడతారు.

క్వార్ట్‌జైట్ ఊరికి దక్షిణాన కాటన్‌టెయిల్ వాగు పక్కన మా క్యాంపు. వాగు అన్నాను కదా అని నీళ్లుంటాయనుకునేరు. ఏడాదికి రెండుసార్లు వస్తాయి, వచ్చినప్పుడు అక్కడ మనం ఉండకూడదు. చలికాలం మొదలవగానే ఉత్తరాదిన ఉన్న ముసలీ ముతకా అంతా ఇంటిబండ్లు తోలుకుని ఈ ఎడారిలో దిగుతారు. మంచం, పొయ్యి, మరుగుదొడ్డి అన్నీ బండిలోనే. కరెంటు స్తంభం లేదు, కొళాయి లేదు. పైకప్పు మీద సోలార్ పలకలు, కింద బ్యాటరీలు, ముందు గ్యాస్ బండలు. ఏది చెడినా సర్దుకుంటారు గానీ ఫ్రిజ్ చెడిందంటే మాత్రం కొంప మునిగినట్టే. ఆ ఫ్రిజ్ కూడా ఒక వింత. వెనకాల గ్యాస్ మంట వెలుగుతుంటేనే లోపల మంచు కడుతుంది. ఆ మంట ఎప్పుడు వెలగాలో ఎప్పుడు ఆరాలో చెప్పేది అరచేయంత పచ్చ బోర్డు. అది మొరాయించిందా, ఆర్లిస్‌కి కబురు వెళుతుంది.

ఆర్లిస్‌కి అరవై తొమ్మిది. కాన్సాస్‌లో ఇరవై ఆరేళ్లు స్కూలు బస్సు నడిపిన మనిషి. ఫ్రిజ్‌ల పని మొదట ఆమెది కాదు, మొగుడు డెల్మర్‌ది. అతను ఫ్రిజ్ వెనక బండి గోడకుండే గడి తలుపు ఊడదీసి తల లోపల దూర్చేవాడు, ఆమె పక్కన నిలబడి టార్చి పట్టుకునేది. అలా పదిహేడు చలికాలాలు పట్టుకుంది. డెల్మర్ గుండె ఆగి పోయాక మొదటి చలికాలం ఆమెను ఓదార్చడానికి అందరూ వచ్చారు, ఫ్రిజ్ చూడమని మాత్రం ఒక్కరూ పిలవలేదు. ఆఖరికి పొద్దుటి రేడియో కబుర్లు నడిపే ట్రుడీ పిలిచింది. "నాకేం వచ్చని?" అని ఆర్లిస్ నసిగితే, "పదిహేడేళ్లు టార్చి పట్టావు, నీకు కనపడకుండా ఆయనేం చేశాడే? రా, నా వెన్న కరిగిపోతోంది" అంది. ఆ రోజుతో మొదలైంది.

డెల్మర్ కంటే ఆమే నయం అని కొందరు చెవులు కొరుక్కుంటారు. ఆ మాట ఆమె చెవిన పడితే మండిపడుతుంది. డెల్మర్ మంచితనం ఆమెకు లేదట. అది నిజమే. డెల్మర్ ఎవరికీ కాదు అని చెప్పలేడు. ఆర్లిస్ చెప్పగలదు. ఎవరన్నా "బోర్డు పోయింది, కొత్తది వేసెయ్" అంటే, "బోర్డు దానంతటది చావదు నాయనా, ఎవరో చంపుతారు. ముందు ఆ హంతకుణ్ణి పట్టుకోనీ" అంటుంది. ముందు బండి మట్టంగా ఉందా, తర్వాత కరెంటు సరిగా వస్తోందా, ఆఖరికే బోర్డు. అదీ ఆమె వరస.

ఈ జనవరి తొలివారంలో ఒక ఘోరం జరిగింది. గార్నెట్, లైల్ అని మిన్నెసోటా దంపతులు. పొద్దున్నే అట్లు పోసుకుంటుంటే ఫ్రిజ్ వెనకాల నుంచి మంటలు లేచాయి. మేం బకెట్లు పట్టుకుని పరిగెత్తేలోపే బండి ఇనప ఎముకల గూడయిపోయింది. ఇద్దరూ బయటపడ్డారు గానీ, గార్నెట్ పిల్లి కోసం మళ్లీ లోపలికి వెళ్లింది. పిల్లి దక్కలేదు, ఆమె రెండు చేతులూ కాలాయి. ఫీనిక్స్ ఆసుపత్రిలో మూడు వారాలుండి వచ్చింది. తల దాచుకోవడానికి ఎవరో చిన్న ట్రైలర్ ఇచ్చారు. అది ఆర్లిస్ ఇంటిబండికి ఎనభై అడుగుల దూరం. "ఈ కాలం బోర్డులు చెత్త, చెప్తూనే ఉన్నాను" అని ఆర్లిస్ అప్పుడు నలుగురిలో గట్టిగా అంది. తర్వాత ఆ మాటే ఆమె గొంతులో ముల్లై కూర్చుంది.

ఫిబ్రవరి మొదట్లో హోబర్ట్ స్ట్రౌడ్ పిలిచాడు. అతనూ, పెళ్లాం ఫ్లోరీన్ ఏటా వచ్చేవాళ్లే. ఆర్లిస్ దిగేసరికి కాఫీతో పాటు తిట్లు కూడా సిద్ధంగా ఉన్నాయి. అవి హోబర్ట్‌కి.

"ఈ చలికాలం రెండో బోర్డు ఆర్లిస్! రెండోది!" అంది ఫ్లోరీన్. "నిన్ను పిలవమంటే వినడు. తనే మార్చాడు. ఒక్కరోజు వెలిగింది, ఆరింది. నిన్న పంది మాంసం మొత్తం కాకులకి పెట్టాను. ఆ కాకులు ఇప్పుడు నా పేరు పెట్టి పిలుస్తున్నాయి."

"బోర్డు మార్చడం పెద్ద విద్యా ఏంటి? నాలుగు స్క్రూలు" అన్నాడు హోబర్ట్.

"పన్ను పీకడం కూడా నాలుగు గుంజులే. పక్క పన్ను పీకితేనే తెలుస్తుంది" అంది ఆర్లిస్.

లోపలికెళ్లి ముందు ఫ్రిజ్‌లో గడ్డకట్టే అర మీద చిన్న రసమట్టం పెట్టింది. బుడగ ఒక పక్కకు పారిపోయి మూల కూర్చుంది.

"ముక్కెత్తి నిలబెట్టావేం బండిని?"

"మంచం మీంచి సూర్యాస్తమయం కనపడుతుంది అలా పెడితే" అన్నాడు హోబర్ట్, పెళ్లి చూపుల్లో పిల్లాడిలా సిగ్గుపడుతూ. "మంచం మీద మేం దొర్లిపోవట్లేదుగా?"

"నువ్వు దొర్లకపోతే ఏం, ఫ్రిజ్ గొట్టాల్లోని రసం దొర్లాలి కదా. వంకరగా ఉంటే అది కదలదు, మంట మాత్రం కింద కాలుతూనే ఉంటుంది. నీళ్లు లేని కుండ కింద పొయ్యి పెట్టినట్టు." ఎడారిలో ఇది కొత్త కాదు. దిమ్మలు వేసి చక్రాలు సరిచేసుకునే ఓపిక లేక, సూర్యుడి కోసం వంకరగా ఆపేవాళ్లు ఏటా పదిమందైనా ఉంటారు.

బయటకొచ్చి గడి తలుపు తీసింది. బోర్డు లాగి, దాని రాగి పళ్లను పెన్సిల్ రబ్బరుతో తుడిచి, మళ్లీ గుచ్చింది. ఇది డెల్మర్ అలవాటు. సగం జబ్బులు దాంతోనే పోతాయి. ఇది పోలేదు. మీటరు తీసింది. బ్యాటరీ దగ్గర పన్నెండున్నర వోల్టులు. బోర్డు దగ్గర తొమ్మిది.

"చూశావా? ఇంత తక్కువ కరెంటిస్తే ఏ బోర్డైనా కళ్లు తేలేస్తుంది. నువ్వు పారేసిన రెండు బోర్డులూ నిక్షేపంగా ఉండుంటాయి."

"రెండూనా!" అని ఫ్లోరీన్ మొగుడి వైపు చూసిన చూపుకి ఫ్రిజ్‌లో మంచు మళ్లీ కట్టేసేదే.

మూడున్నర ఎక్కడో దారిలో పోతోంది. ఆర్లిస్ టార్చి నోట కరుచుకుని వైరు వెంబడే వెళ్లింది. ఈ అతుకు బాగుంది. ఆ అతుకు బాగుంది. మంట మీది పొగగొట్టం పక్కన ఒక చిన్న మీట ఉంటుంది. గొట్టం మరీ కాలిపోతే అది తనంతట తానే పడిపోయి బోర్డుకి కరెంటు ఆపేస్తుంది. అదే ఆ బండికి కాపలా. ఆర్లిస్ ఆ మీటకు ఇవతల ఒక మీటరు ముల్లు, అవతల ఒక ముల్లు పెట్టింది. అక్కడ సున్నా చూపించాలి. మూడుకి పైన చూపించింది.

టార్చి చేతిలోకి తీసుకుని ఇంకా దగ్గరగా పట్టింది.

మీట ఎప్పుడో పడిపోయి ఉంది. దాని నెత్తిమీదుగా, ఇటు నుంచి అటు, బెత్తెడు తీగ కట్టి ఉంది. కాపలావాణ్ణి తప్పించి గోడ దూకినట్టు. తీగ పైతొడుగు కాలి గోధుమరంగుకి తిరిగి, పెంకులుగా రాలుతోంది. లోపలి రాగి కూడా కమిలి సగం చచ్చింది, అందుకే బోర్డుకి తొమ్మిదే అందుతోంది. తీగ వెనక చెక్క పలక మీద పళ్లెమంత నల్లటి మచ్చ.

తీగ చివర చుట్టిన టేపు పసుపు రంగుది. దాని కొస మడతపెట్టి తోకలా వదిలి ఉంది.

క్యాంపులో ఆ తోక పెట్టేది ఒక్కడే. "రేపు విప్పేవాడూ మనిషే కదా, గోరుకి దొరకాలి" అనేవాడు డెల్మర్.

"హోబర్ట్," అంది ఆర్లిస్. "ఇది ఎవరు వేశారు?"

హోబర్ట్ వంగి చూశాడు. "ఓ, అదా! డెల్మరే. ఐదేళ్లయిందేమో. ఆ మీట దొరకట్లేదు, యూమా నుంచి తెప్పించి మార్చుకో, అందాకా ఇది అన్నాడు. నువ్వూ ఉన్నావుగా, మర్చిపోయావా? టార్చి నువ్వే పట్టుకున్నావు."

మర్చిపోలేదు. ఆ క్షణంలో అన్నీ గుర్తొచ్చాయి. రెండు రోజుల మాటే కదా అని డెల్మర్ అనడం, తను వెలుగు కొంచెం ఎడమకు జరపడం.

"మరి తెప్పించలేదేం?"

"పనిచేస్తోందిగా. పనిచేసేదాన్ని ఎవరు కెలుకుతారు?"

ఆర్లిస్ తీగ కత్తిరించి జేబులో వేసుకుంది. గ్యాస్ కట్టేసింది. "నేను చెప్పేదాకా ఇది వెలిగించారంటే ఇద్దర్నీ నేనే చంపుతాను" అని బండెక్కింది. కాఫీ అలాగే ఉండిపోయింది.

ఇంటికొచ్చి వంటింటి కింది అర తలుపు తీసి నేలమీద కూర్చుంది. లోపల గిన్నెలు. గాజు పళ్లేలు, రేకు పళ్లేలు, మూతల డబ్బాలు, ఒకదాంట్లో ఒకటి. అన్నీ క్యాంపువాళ్లవే. డెల్మర్ మీటకి అడ్డతీగ వేస్తే పైసా పుచ్చుకునేవాడు కాదు. "ఇది రిపేరు కాదు, చేతిసాయం" అనేవాడు. దానికి బదులు వాళ్లు ఏదో ఒకటి వండి పంపేవారు. తెచ్చిన గిన్నెను ఖాళీగా తిరిగివ్వకూడదని మా క్యాంపులో పట్టింపు. ఆర్లిస్‌కి వంట రాదు. దాంతో గిన్నెలు అలా పేరుకుపోయాయి.

ప్రతి గిన్నె అడుగునా కాగితం టేపు మీద పేరుంది. ఆమె ఒక్కొక్కటీ తిరగేస్తూ పోయింది. స్ట్రౌడ్. గుమ్మడికాయ పై, పూర్ణం పెట్టి కాల్చిన రొట్టె. వాళ్ల పక్క బండి ముసలాయన, చిక్కుడు గింజల కూర. ఎవరో టెక్సాస్ వాళ్లు, ఈ ఏడు రానేలేదు. పద్నాలుగు గిన్నెలు. కాగితం పళ్లేల్లో వచ్చినవి ఎన్నో లెక్క లేదు. అట్టడుగున నీలం పువ్వుల గాజు పళ్లెం. తిరగేయకముందే తెలుసు. పీచ్ పళ్ల పై. డెల్మర్ మూడు ముక్కలు తిని, నాలుగోదాని కోసం తనతో పోట్లాడాడు.

గార్నెట్, అని ఉంది టేపు మీద. గుండ్రటి చేతిరాత.

మర్నాడు పొద్దున హోబర్ట్ కొత్త మీట సంగతి అడగడానికి వచ్చి, నేలమీద పరిచిన గిన్నెలు చూసి నిలబడిపోయాడు. ఆర్లిస్ దాచలేదు, అంతా చెప్పేసింది. అతను టోపీ తీసి చాలాసేపు తల గోక్కున్నాడు.

"ఆర్లిస్, నా మాట విను. ఎందుకు బయట పెట్టడం? ఉచితంగా చూస్తానని చెప్పి ఒక్కో బండి దగ్గరకీ వెళ్లు. ఎవరికీ తెలియకుండా తీసెయ్. డెల్మర్ లాంటి మనిషి పేరు ఎందుకు పాడుచేస్తావు? వెళ్లిపోయినవాడు జవాబు చెప్పుకోలేడు కదా."

ఆ మాట ఆమెకు తియ్యగానే తగిలింది. అబద్ధం ఎందుకు, ముందు ఆ పనే చేసింది. చిక్కుడు గింజల ముసలాయన దగ్గరకెళ్లి, "ఊరికే చూస్తా, డబ్బులొద్దు" అంది. గడి తలుపు తీసింది. పసుపు తోక చక్కగా ఆమెకే చేయి ఊపుతోంది. తీసి జేబులో వేసుకుంది. ముసలాయన కళ్లు తుడుచుకుని, "అచ్చం డెల్మర్ మనసే నీది. ఆయనా ఇంతే, ఏమీ పుచ్చుకునేవాడు కాదు" అన్నాడు.

ఆర్లిస్ బండెక్కి కూర్చుంది. టెక్సాస్ వాళ్లు ఎక్కడున్నారో. కాగితం పళ్లేల వాళ్లెవరో. వచ్చే నెల ఎండలు ముదిరితే ఇక్కడున్నవాళ్లూ యూటా అనీ ఐడహో అనీ చెట్టుకొకరు పుట్టకొకరు పోతారు. ఎవరి ఫ్రిజ్ వెనక ఏ చెక్క నల్లబడుతోందో ఏ గిన్నె చెబుతుంది? దొంగచాటుగా ఎన్ని గడులు తీస్తుంది?

తొమ్మిదింటికి ట్రుడీ రేడియో కబుర్లు. బండి బండికీ రేడియో ఉంది, కాఫీ తాగుతూ అందరూ వింటారు. ఆ పొద్దున, "ఎడారి పిట్టలూ, నీళ్ల ట్యాంకు దగ్గర ఎవరిదో పళ్లసెట్టు దొరికింది, నవ్వుతూనే ఉంది, వచ్చి తీసుకెళ్లండి" అని ట్రుడీ మొదలెట్టింది. చెప్పుకునేవి ఎవరికన్నా ఉన్నాయా అంది. ఆర్లిస్ తన రేడియో మీట నొక్కింది.

"నేను ఆర్లిస్‌ని. మీ ఫ్రిజ్ వెనక గడి తీసి చూడండి. గొట్టం పక్కన పసుపు టేపు చుట్టిన పొట్టి తీగ కనబడితే గ్యాస్ కట్టెయ్యండి. ఇప్పుడే. మీకు తెలిసి వెళ్లిపోయినవాళ్లు ఉంటే వాళ్లకీ ఫోన్లు చెయ్యండి. అది ఉంటే బండి తగలబడుతుంది." ఊపిరి పీల్చుకుంది. "అది డెల్మర్ వేసింది. రెండు రోజులకని వేశాడు, వెనక్కెళ్లి చూడలేదు. టార్చి పట్టుకున్నది నేను. నేనూ చూడలేదు."

రేడియో గరగరలోంచి హోబర్ట్ గొంతు వచ్చింది.

"హోబర్ట్‌ని. నా బండిలోనూ ఉండేది, నిన్న ఆర్లిస్ తీసింది. మార్చుకోమని డెల్మర్ నాకు చెప్పాడు. నేనే మార్చలేదు. అది కూడా వినండి."

తర్వాత ఎవరో, "నాదాంట్లో ఉంది" అన్నారు. ఇంకొకరు, "ఇక్కడా ఉంది, దేవుడా, చెక్కంతా మాడిపోయింది." ఆ మధ్యలో ఒక గొంతు పేరు చెప్పకుండా, "చచ్చినవాడి మీదకి తోసేసి చేతులు దులుపుకుంది, భలే పెళ్లాం" అంది. ఎవరిదో అందరికీ తెలుసు. మధ్యాహ్నానికి తొమ్మిది తీగలు తేలాయి. రెండు బండ్ల వాళ్లు ఆమెను గడప దగ్గరే ఆపి, తమ తీగ తామే తీసుకుంటామన్నారు. అదివరకు కాఫీ పెట్టి ఎదురుచూసినవాళ్లే.

మధ్యాహ్నం మూడింటికి నీలం పువ్వుల పళ్లెం కడిగి, తుడిచి, ఎనభై అడుగులు నడిచింది. బండి తీయలేదు.

గార్నెట్ తలుపు మోచేత్తో తెరిచింది. చేతులు వేళ్ల దాకా తెల్లటి కట్లలో ఉన్నాయి. పళ్లెం చూసింది.

"పొద్దున విన్నాను" అంది.

"వింటావనుకున్నాను."

"రేడియోలో విన్నాను ఆర్లిస్. నీ తలుపుకీ నా తలుపుకీ మధ్య ఎంత దూరం ఉంది?"

"ధైర్యం చాలలేదు" అంది ఆర్లిస్.

"మాదాంట్లోనూ ఉందా?"

"ఉంది. నేనే టార్చి పట్టాను. నిప్పు దానివల్లే అంటుకుందో లేదో చెప్పలేను, అంతా బూడిదైంది. కానీ ఉంది."

"తెలుసు ఉందని. ఆ రోజు డెల్మర్ ఎంత మంచివాడో అని లైల్‌తో అన్నాను. ఇంత సాయానికి ఏమీ పుచ్చుకోడు, కనీసం ఒక పీచ్ పై అన్నా చెయ్యాలన్నాను. పీచ్ పళ్లు ఊళ్లో దొరక్కపోతే పార్కర్ అనే ఊరిదాకా వెళ్లి తెచ్చాను." గార్నెట్ తన చేతుల వైపు చూసుకుంది. "వీటితోనే ఒలిచాను."

లోపల్నుంచి లైల్, "ఎవరది?" అని అడిగాడు. గార్నెట్ మళ్లీ పళ్లెం వైపు చూసింది.

"ఖాళీగానే తెచ్చావా?" అంది.

"నాకు వంట రాదు గార్నెట్. ఇందులో పెట్టి తేదగిందేమీ నా దగ్గర లేదు."

గార్నెట్ క్షమించాననలేదు, పొమ్మనీ అనలేదు. పళ్లెం అందుకోబోయి, కట్లున్న చేతులు గాలిలోనే ఆగిపోయాయి. తర్వాత పక్కకు జరిగింది, గుమ్మంలో ఒక మనిషి పట్టేంత.

"నేను పట్టుకోలేను. లోపలికొచ్చి నువ్వే పెట్టు. పై అరలో" అంది. "పేరున్న వైపు కిందకి."

ఆర్లిస్ లోపలికెళ్లి పళ్లెం పెట్టింది. కిటికీ కింద మూలన చిన్న ఫ్రిజ్ ఉంది. లైల్ దానికేసి ఒకసారి, ఆమెకేసి ఒకసారి చూశాడు. అది నడవడం లేదు. తలుపు సందులో మడిచిన తువ్వాలు పెట్టి ఉంది, పక్కన మంచుగడ్డల పెట్టె. చేతులు కాలిన దగ్గర్నుంచి వాళ్లు గ్యాస్ ముట్టించలేదని ఆమెకు అర్థమైంది.

"చూడనా?" అని అడుగుదామని నోటి దాకా వచ్చింది. అడగలేదు. గుమ్మం దిగి నాలుగు అడుగులు వేసింది.

వెనక నుంచి గార్నెట్ గొంతు వినిపించింది. "రేపు పొద్దున రా. మీటరు తెచ్చుకో. టార్చి వద్దు. అది నేను పట్టుకుంటాను, మోచేతుల మధ్య పెట్టుకుని. నువ్వేం చేస్తున్నావో మొత్తం నేను చూడాలి."